రాయి చాటున

కోడుమూరు,
27 జనవరి 2025

చిరంజీవి సుచరితకు మీ నాయన రామకోటయ్య ఆశీర్వదించి రాసేది. సంతోషంలో గబగబా రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే సర్దుకొని చదువుకో.

హర్షను చూసినాను తల్లీ! ఫోటోలో చూసినట్టు కాదు, వాడి ఎదురుగా నిలబడి చూసినాను. పోయిన జూన్‌లో ఓర్వకల్లు రాళ్ళ మీద నుంచి జారిపడి మనల్ని వదిలిపోయిన నీ తమ్ముడు, అవే రాళ్ళ మీద, అదే గళ్ళ చొక్కాతో, నాకు నాలుగు బారల దూరంలో నిలబడి పాడుతున్నాడు. గాలికి వాడి జుట్టు ఎగురుతోంది. చెమట పట్టింది. తుడుద్దామని చేయి చాపితే నూనె డబ్బా దభాలున పడింది. మీ అమ్మ నా నడుము పట్టుకోకపోయుంటే నేనూ దాని మీదే పడేవాణ్ణి.

నిన్న మన వేణుగోపాల్ వచ్చి ఇచ్చిపోయినాడు ఆ కళ్ళకు కట్టుకునే పెట్టెను. నువ్వు తీసిన ముక్కలకు కంప్యూటర్లో అతుకులు వేసేది ఆ అబ్బాయే కదా, యాడ నొక్కాలో, యాడ వేలు ఆనించాలో గంటసేపు ఓపికగా చూపించినాడు. చెవిటివాడికి ఇంకొంచెం గట్టిగా ఉంటే వినిపిస్తుందేమోనని పాపం శబ్దం పూర్తిగా పెంచినాడు. ఆరేళ్ళుగా ఉరుమే వినపడని చెవులకు అదేం వినపడుతుంది? పక్కన చేట పెట్టుకొని వేరుశనగ బుడ్డలు వలుస్తున్న మీ అమ్మకు మాత్రం పాట అంతా వినిపిస్తోందట. కళ్ళకు పెట్టుకోమంటే ససేమిరా అంటుంది. పలక మీద రాసింది: "నాకు ఇనేది చాలు. సూసేది నా చేత గాదు." సరే, వాణ్ణి ఇద్దరం పంచుకున్నాం. కళ్ళు నావి, చెవులు ఆమెవి.

ఒక తమాషా చెప్పేది మరిచిపోయినాను. కిందికి చూసుకుంటే నాకు కాళ్ళు లేవు! ఉత్త రాయి ఉంది. పోయినవాడికి కాళ్ళున్నాయి, బతికున్న నాకు లేవు! వేణుని అడిగితే నవ్వి, "అక్కడ కెమెరా నిలబెట్టిన కర్ర ఉండింది, దాన్ని తుడిచేశాం" అని పలక మీద రాసినాడు.

బెంగళూరులో ఏదో ఉత్సవంలో నీ పాటను ఎన్నుకున్నారట గదా! నా బిడ్డ గొప్పతనం నాకు తెలియదా? చదివింది ఐదో తరగతి, అంగట్లో తూచింది బెల్లం, అయినా రత్నమేదో రాయేదో తెలుసు నాకు. వేణు ఇంకో మాట రాసినాడు, నువ్వు తలుపు తీయడం లేదని, రెండుసార్లు వచ్చి తిరిగిపోయినానని. పనిలో మునిగి ఉంటావులే అన్నాను.

పెట్టెలో ఈ పాట కాక ఇంకా వరసగా చిన్న చిన్న బొమ్మలున్నాయి. ఒక్కొక్కటే తెరిచి చూస్తా.

నీ నాయన,
రామకోటయ్య

---

కడప,
2 ఫిబ్రవరి 2025

నాయనా,

నీ ఉత్తరం అందింది. నువ్వు సంతోషంగా ఉన్నావని రాసిన చోటే రెండుసార్లు చదివాను.

ఒక్క పాటే పంపమని వేణుకు చెప్పాను. చూడకుండా ఫోల్డరంతా ఎక్కించినట్టున్నాడు. మిగిలినవి పనికిరానివి నాయనా. అడుగు తప్పినవి, మాట తప్పినవి. మొదటిది ఒక్కటే చూడు. తక్కినవి తెరవొద్దు. ఈ ఒక్క మాట విను.

నేనెందుకు ఎక్కడా కనపడనని అడుగుతావేమో. ఆ కెమెరా ముందుకు మాత్రమే చూసేది కాదు. దానికి వీపు లేదు. చుట్టూ, పైనా, కిందా అన్నీ ఒకేసారి చూస్తుంది. తీసేవాళ్ళు దాని కంట పడకూడదు. అందుకే ప్రతిసారీ మీట నొక్కి పరుగెత్తి పెద్ద రాయి చాటున దాక్కునేదాన్ని. పాట నాలుగు నిమిషాలు. చేతిలో ఫోను పెట్టుకొని, అంకెలు చూస్తూ, ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. వాడు ఎలా పాడుతున్నాడో తీసేటప్పుడు నేను ఒక్కసారి కూడా చూడలేదు. నా పని అలాంటిది. నా సొంత పాటకు నేనే సాక్షిని కాను.

బెంగళూరు వాళ్ళకు రానని రాసేశాను. కెమెరా బీరువాలో పెట్టాను. ఇక తీయను. కాలేజీలో పిల్లలకు కంప్యూటరు చెప్పడం చాలు.

పెట్టెను ఎండలో పెట్టకు. అద్దాల్లోంచి ఎండ పడితే లోపల తెర కాలిపోతుంది. అమ్మను అడిగానని చెప్పు.

సుచి

---

కోడుమూరు,
11 ఫిబ్రవరి 2025

బంగారు తల్లి సుచరితకు,

పనికిరానివంట! అబ్బా, ఎంత అణకువ నీకు! అంగట్లో గింజలు జల్లించేటప్పుడు నూక పక్కకు పోతుంది. ఆ నూకతోనే గదా మీ అమ్మ ఉప్మా చేసేది, మీరిద్దరూ గిన్నె నాకేది! నువ్వు పారేసిన నూకలోనే నా కొడుకు నిండుగా ఉన్నాడు. పాటలో వాడు పాటగాడు. ఈ ముక్కల్లో హర్షగాడు. ముక్కు గోక్కుంటాడు, చెప్పులో రాయి దులుపుకుంటాడు, ఆకాశం చూసి ఆవులిస్తాడు. నీ మాట వినలేదని కోప్పడకు. అన్నీ చూసేసినాను. పదకొండు!

నాలుగోది చూసి కడుపు పట్టుకొని నవ్వినాను. పాడుతూ పాడుతూ వీడు ఉన్నట్టుండి నోరంతా తెరిచి అరిచినాడు. నువ్వు రాయి చాటు నుంచి ఎర్ర చున్నీ ఎగరేసుకుంటా, చేతిలో కట్టె పట్టుకొని పరుగున వచ్చినావు. వీడు చేతులు తట్టి ఎగురుతున్నాడు. ఏమన్నాడని మీ అమ్మను అడిగితే పలక మీద రాసింది: "అక్కా పాము, అన్యాడు." దొంగ వెధవ! ఏడోదాంట్లో మళ్ళీ అదే. ఈసారి నువ్వు తలకాయ ఒక్కటే బయట పెట్టి, "నీ పాముకింత మన్నెయ్య, ఇంగొగ తూరి పిల్చు సెప్తా, సచ్చినా బైటికి రాను" అన్నావంట. మీ అమ్మ రాసి చూపించి, వలుస్తున్న బుడ్డ నోట్లో వేసుకొని నవ్వింది. ఎనిమిది నెలలకు నవ్వింది సుచీ!

అన్నిటికంటే నాకు నచ్చింది పదకొండోది. అందులో వాడు పాడినట్టు పాటలో కూడా పాడలేదు. "వాన రాకున్నా వంక పేరు వంకే" అనే చోటికి వచ్చేసరికి రెండు చేతులూ పైకెత్తి, ఊపుతా, మెడనరాలు ఉబ్బేటట్టు గొంతెత్తినాడు. కళ్ళు నీ రాయి వైపే. ఎంతసేపు నిలబెట్టినాడంటే, అంగడి అలవాటు కదా, ఒకటికి లాభం అనుకుంటా నోట్లోనే లెక్క పెట్టినాను. లాభం, రెండు, మూడు... తొమ్మిది దాకా! ఆ తర్వాత గుభీమని రాయి వెనక్కి దూకి దాక్కున్నాడు, చిన్నప్పుడు బస్తాల వెనక దాక్కున్నట్టే. మళ్ళీ లేస్తాడేమోనని ఎదురుచూస్తే లేవలేదు. ఉత్త ఆకాశం, రెండు కొంగలు. చివరికి నువ్వు నవ్వుతా వచ్చి, బొటనవేలు ఎత్తి చూపిస్తా, కెమెరా దగ్గరికి వచ్చి ఆపేసినావు. నేను చప్పట్లు కొట్టినాను. రోజూ ఆఖర్న అదొక్కటి చూసి, చప్పట్లు కొట్టి, అప్పుడు అన్నానికి లేస్తున్నాను.

మీ అమ్మకు ఏం తోచిందో, అది విన్నప్పటి నుంచి చేట తీసుకొని వంటింట్లోకి పోయింది. పలక మీద "పది చాలు" అని రాసి నా ముందర పెట్టింది. ఎందుకే అంటే చెప్పదు. ఆడవాళ్ళ అలక నీకు తెలియనిదా? పదకొండోది వాడు నీ వైపు చూసి పాడినాడని అసూయ కాబోలు!

బెంగళూరుకు రానని రాసినావా? వెంటనే వస్తానని రాయి. నేనూ వస్తా, కొత్త పంచె కట్టుకొని.

ఆనందంతో,
నాయన

---

కోడుమూరు,
18 ఫిబ్రవరి 2025

సుచీ, ఈ కార్డు ఒక్క శుభవార్త కోసం. నిన్న టీ అంగడి చిన్న ఈరన్న వచ్చి నన్ను చూసి ఏదో అన్నాడు. మీ అమ్మ రాసింది: "ఏమప్పా కోటన్నా, మొగానికి గంత కట్టుకోని ఒగనివే నగుతాండావు, గాలి గాని సోకిందా అంటాండాడు." నీకూ సోకిస్తా రారా అని వాడి కళ్ళకు కట్టినాను. పదకొండోదే చూపించినాను. శబ్దం మాత్రం రాలేదంట, మీ అమ్మే ఎప్పుడో తగ్గించేసిందంట. చూసి వాడు ఏడ్చి, వీధికంతా చెప్పినాడు. సాయంత్రానికి ఇరవై మంది! వరసలో నిలబడి చూసినారు. ఒక్కొక్కరూ దించగానే అందరం చప్పట్లు కొట్టినాం. తిరుపతమ్మవ్వ అయితే పెట్టెకు కుంకుమ పెట్టింది. నీ పేరు వీధంతా మోగింది తల్లీ. మీ అమ్మ మాత్రం వంటింటి తలుపు వేసుకొని కూర్చుంది. రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు. జ్వరమేమో.

నాయన

---

కడప,
18 ఫిబ్రవరి 2025

నాయనా,

నువ్వు 11న రాసిన ఉత్తరం నిన్న అందింది. ఇది నువ్వు ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

పదకొండోది ఎవరికీ చూపించకు. నువ్వూ చూడకు.

ఆ రోజు సామాను సర్దుకునేటప్పుడు వాడు జారాడని మీకు చెప్పాను. పోలీసులకూ, వేణుకూ అదే చెప్పాను. అది అబద్ధం నాయనా. అప్పుడు కెమెరా తిరుగుతూనే ఉంది. అది పదకొండో టేకు. వేణు ఆ రోజు రాలేదు. మేమిద్దరమే. పదోది బాగానే వచ్చింది. వాడు "సాలక్కా, ఎండ మండుతాంది, పోదాం" అన్నాడు. ఇంకొక్కటి అని నేనే అన్నాను.

రాయి చాటున కూర్చున్నాను. "వంక పేరు వంకే" అనే చోట "అక్కా" అన్నాడు. ఒక్కసారి కాదు. "అక్కా, అక్కా, కాలు" అన్నాడు. నాకు వినపడింది. స్పష్టంగా వినపడింది. మూడోసారి మోసపోకూడదనుకున్నాను. బయటికి వెళితే టేకు పోతుంది, మళ్ళీ మొదటి నుంచీ తీయాలి అనుకున్నాను. ఇదీ ఆ క్షణంలో నా తలలో ఉన్నది. నవ్వుకున్నాను కూడా. ఫోనులో అంకెలు చూస్తూ కూర్చున్నాను. పాట అయ్యేదాకా, అంటే ఇంకా రెండున్నర నిమిషాలు. తర్వాత నవ్వుతూ బయటికి వచ్చాను. అది నువ్వు చూశావు.

వాడు గొంతెత్తి పాడలేదు. చేతులు ఊపింది తూకం నిలుపుకోవడానికి. కాళ్ళ కింద బండ పొర ఊడిందని తర్వాత చూశాను. దూకలేదు.

నేను ఆ ముక్కను ఇంతవరకు తెరవలేదు. చెరపలేదు, తెరవలేదు. రోజూ కంప్యూటరు ముందు కూర్చుని దాని మీద వేలు పెట్టి, వేలు వెనక్కి తీసుకుంటాను. పరుగెత్తి ఉంటే అందేదాన్నా? అది మాత్రం తెలుసుకోవాలని ఉంది. అది తెలిసిన రోజు నేను ఉండలేను, తెలియకపోయినా ఉండలేకున్నాను.

అమ్మకు వినపడి ఉంటుంది. నువ్వు రాసిన "పది చాలు" చదివినప్పుడే నాకు తెలిసిపోయింది.

నాకు ఇక ఉత్తరాలు రాయకు నాయనా. వచ్చినా విప్పను.

సుచరిత

---

కోడుమూరు,
20 మార్చి 2025

సుచీ,

విప్పనన్నావు. అయినా రాస్తున్నాను. విప్పకపోయినా ఈ కాగితం వెనకే నేనూ వస్తా, ఎందుకో ఆఖర్న చెబుతా.

నీ ఉత్తరం చదివినాక మూడు వారాలు ఆ పెట్టెను ముట్టలేదు. నా కొడుకు చనిపోతుంటే నేను చప్పట్లు కొట్టినాను. రోజూ కొట్టినాను. వీధి చేత కొట్టించినాను. తర్వాత లేచి అన్నం తిన్నాను. నీ అబద్ధానికి నీకు ఏ శిక్ష రాసుందో నాకు తెలియదు గానీ, నా సంతోషానికి మాత్రం ఈ చేతులు నరుక్కున్నా తీరదు.

మీ అమ్మకు మొదటి రోజే తెలుసు. ఎందుకు చెప్పలేదే అని పలక ఆమె మీదికి విసిరినాను. విరిగిన ముక్క మీదే రాసింది: "నీ మొగంలో నగు సూసి ఎన్నాళ్ళాయె. ఎట్ల సెప్పేది? నువ్వన్నా బతుకుతావని ఊరకుంటి." చప్పట్లు వింటా వంటింట్లో కూర్చుందంట సుచీ. ఇరవై మంది చప్పట్లు.

పోయిన సోమవారం ఈరన్నను తోడు తీసుకొని ఓర్వకల్లు పోయినాను. బస్సు దిగి రాళ్ళ దాకా నడిచినాం. ఈరన్న నా చేయి పట్టుకొని ఏదేదో అంటూనే ఉన్నాడు, నాకేం తెలుస్తుంది. నువ్వు దాక్కున్న రాయి కనుక్కున్నాను. దాని వాలు కింద, వాన తగలని చోట, పాట అయినప్పుడల్లా నువ్వు సుద్దముక్కతో గీసిన గీతలున్నాయి. పది. పదకొండో గీత లేదు. ఆ గీతల పక్కన కూర్చున్నాను. అక్కడి నుంచి రాయి తప్ప ఏమీ కనపడదు. ఈరన్నను హర్ష బండ దగ్గర నిలబెట్టి, పిలువు అన్నాను. పిలిచినాడేమో. నాకు వినపడలేదు. ఆ రోజు ఆ రాయి చాటున కూర్చోవాల్సింది నేను. అయ్యుంటే ఎవరూ నన్ను అడిగేవాళ్ళు కాదు, నన్ను నేను కూడా అడుక్కునేవాణ్ణి కాదు.

తర్వాత లేచి అడుగులు లెక్క పెట్టినాను. మొదటి అడుగుకు "లాభం" అని నోటికి వచ్చింది. యాభై ఏళ్ళ అలవాటు. వెనక్కి రాయి దగ్గరికే పోయినాను. ఈరన్న నీళ్ళు తాపించినాడు. మళ్ళీ మొదలుపెట్టినాను. పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి "ఒకటి" అని లెక్క పెట్టినాను. ముప్పై ఎనిమిది అడుగులు. మధ్యలో ఒక చీలిక దాటాలి.

నువ్వు అడిగిన దానికి జవాబు. అందేదానివి కాదమ్మా అని రాద్దామని నాలుగు కాగితాలు చించినాను. మీ అమ్మ కూడా అట్లే రాయమంది. కానీ తక్కెడలో వేలు పెట్టి ఎరుగను. వాడు నిలబడింది తొమ్మిది లెక్కలు. నువ్వు నడవాల్సింది ముప్పై ఎనిమిది అడుగులు. ఎన్నిసార్లు తూచినా ముల్లు నడిమధ్యనే నిలబడుతోంది. అటూ మొగ్గదు, ఇటూ మొగ్గదు. ఇంతకంటే నా దగ్గర లేదు తల్లీ. నువ్వూ నేనూ ఆ ముల్లు కిందే బతకాల.

ఇప్పుడు మీ అమ్మ సంగతి. తిరిగి వచ్చేసరికి ఆ పెట్టె కళ్ళకు కట్టుకొని కూర్చుంది. ఎన్నడూ ముట్టనిది. పదకొండోదే. తీసేద్దామని పోతే చేయి విదిలించింది. చూస్తే, నేను ఎప్పుడూ గోడ వైపు తిరిగి చూసేవాణ్ణి, వాడు కనపడేది అటే. ఈమె నా వైపు తిరిగి ఉంది. అంటే వాడికి వీపు పెట్టి కూర్చుంది. నీ రాయి వైపు చూస్తోంది.

ఇన్ని రోజులు పదకొండోది చూసిన నేను, నువ్వు బయటికి వచ్చేదాకా ఒక్కసారి కూడా అటు తిరగలేదు సుచీ. చుట్టూ చూడొచ్చని నువ్వు రాసినా తిరగలేదు.

తర్వాత నేనూ కట్టుకొని ఆమె చూసిన వైపే చూసినాను. రాయి అంచున నీ ఎర్ర చున్నీ కొస కనపడుతుంది, నాలుగు వేళ్ళంత. వాడు పిలిచినప్పుడు అది పైకి లేచింది. నువ్వు లేచినావు. మళ్ళీ కిందికి పోయింది. కూర్చున్నావు. ఆ తర్వాత పాట అయిపోయేదాకా ఆ కొస ఊగుతూనే ఉంది. కూర్చున్నాను అని మాత్రమే నువ్వు రాసినావు. లేచినానని రాయలేదు. నీకు గుర్తు లేదేమో. తక్కెడలో ఇది కూడా ఉంది, అందుకని రాస్తున్నా. దీంతో ముల్లు కదలదు. అయినా ఉంది.

మీ అమ్మ ఇప్పుడు రోజూ అదే పని. బుడ్డల చేట పక్కన పెట్టి, పెట్టె కట్టుకొని, వాడికి వీపు పెట్టి, నాలుగు నిమిషాలూ ఆ ఎర్ర కొసను చూస్తుంది. నిన్న దించి, పలక ముక్క మీద రాసింది:

"ఆ పిల్ల ఇంగా ఆడనే కూచోనుండాది. పోయి పిల్సుకోని రా."

ఆదివారం పొద్దున బస్సుకు కడప వస్తున్నా. నీ తలుపు కొడతా. లోపల నుంచి నువ్వు ఏం చెప్పినా నాకు వినపడదు. ఏడ్చినా వినపడదు. పొమ్మన్నా వినపడదు. తలుపు తెరుచుకునేదాకా గడప మీదే కూర్చుంటా.

అందుకని నువ్వే బయటికి రావాల.

నాయన